గుండెకు డీజిలెక్కడిది?

మొన్న శుక్రవారం ఘాలా క్యాంపులో అందరం కూర్చుని అన్నాలు తింటుంటే ఒక మేస్త్రీ గారు అడిగారు: "మిక్సరుకు డీజిలు పోస్తాం, క్రేనుకూ పోస్తాం. నిద్రలో కూడా ఆగకుండా కొట్టుకునే గుండెకు డీజిలెక్కడిది బాబూ?" టైమ్‌షీట్లు రాసుకునే గుమాస్తాలం, మాకు వెంటనే నోట మాట రాలేదు. తీరా చూస్తే జవాబు చెప్పినవారిలో ఒకరు మన భీమవరం మనిషే.

గుండె పిడికిలంత ఉంటుంది. అందులో నాలుగు గదులు. కుడివైపు గదులు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపితే, ఎడమవైపు గదులు అక్కడ ప్రాణవాయువు నింపుకుని వచ్చిన రక్తాన్ని ఒళ్లంతా తోస్తాయి. నిమిషానికి ఇంచుమించు 5 లీటర్లు, రోజుకు లక్ష దెబ్బలు. రక్తం వెనక్కి రాకుండా వాల్వులుంటాయి. డాక్టరుకు వినిపించే లబ్‌డబ్ అవి మూసుకునే చప్పుడే. అరబ్బు దేశంలో ఉన్నాం కనుక ఇదీ చెప్పాలి. రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగి వస్తుందని 1242లోనే రాసినవాడు డమాస్కస్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్. ఇంగ్లండు హార్వే పుస్తకం వచ్చింది 1628లో.

ఇక డీజిలు సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. మామగారు పోగుచేసిన డబ్బుకు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం తోడైంది. (ఆ నాయకర్ గారు కూడా రంగూను పోయి సంపాదించినవారే.) అంత చదివిన డాక్టరు బోస్టన్‌లో పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. తర్వాత హార్వర్డులో ఫిస్కే అనే ఆయనతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనిపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు.

కండరం ముడుచుకోవాలంటే ఏటీపీ ఖర్చవ్వాలి. గుండె కూడా కండరమే. దాని దగ్గరుండే నిల్వ కొద్ది సెకన్లకే సరిపోతుంది. తిన్న తిండి, పీల్చిన గాలి కలిసి మళ్లీ మళ్లీ తయారు చేయాల్సిందే. అందుకే గుండెకు పోయే రక్తనాళం మూసుకుంటే అంత ప్రమాదం.

ఎండలో ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. దాంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి, ఇంకా ఏటీపీ కావాలి. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని ఆపాలన్నది చట్టం, కంపెనీ దయ కాదు. ఆ వేళ పేకాట మాని, నీళ్లు తాగి నడుం వాల్చమని మా మనవి.

సుబ్బారావు గారు 1948లో, 53 ఏళ్లకే, గుండె ఆగి న్యూయార్కులో చనిపోయారు. ఇదంతా విన్న మేస్త్రీ గారు ఒకటే అడిగారు: "మధ్యలో ఇంటికి ఎన్నిసార్లు వచ్చారు?"

ఒక్కసారి కూడా రాలేదు. ఆ పాతికేళ్లూ భార్య శేషగిరి గారు ఇండియాలోనే ఎదురుచూశారు.