స్వల్ప కోత గ్లాకోమా శస్త్రచికిత్స

స్వల్ప కోత గ్లాకోమా శస్త్రచికిత్స (మిగ్స్) అనేది గ్లాకోమా, అనగా నీటికాసుల వ్యాధిలో, కంటిలోని పీడనాన్ని చాలా చిన్న కోత ద్వారా తగ్గించే కొన్ని విధానాలకు ఉమ్మడి పేరు. శుక్లం కూడా ఉన్న రోగులకు దీనిని తరచుగా శుక్లం ఆపరేషనుతో పాటు ఒకేసారి చేస్తారు.

రెండు వ్యాధులు

వయసు పైబడినవారిలో ఈ రెండు వ్యాధులు ఒకే కంటిలో ఉండవచ్చు. శుక్లం వలన కంటిలోని సహజ కటకం మసకబారుతుంది. దానిని తీసి కృత్రిమ కటకం అమర్చితే చూపు మెరుగవుతుంది. గ్లాకోమాలో దృష్టి నాడి దెబ్బతింటుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. కనుక రెండు వ్యాధులూ ఉన్నవారికి శుక్లం తీసిన తరువాత ఎంత చూపు వస్తుందనేది నాడి ఎంతవరకు మిగిలి ఉన్నదనే దానిపైన కూడా ఆధారపడుతుంది.

విధానం

కంటి ముందు భాగంలో నిరంతరం ఊరే ద్రవం, కార్నియా, ఐరిస్ కలిసే మూలలోని జల్లెడ వంటి కణజాలం గుండా ష్లెమ్ నాళంలోకి చేరి బయటకు పోతుంది. ఈ దారిలో అవరోధం ఏర్పడితే పీడనం పెరుగుతుంది. ఫేకో పద్ధతిలో శుక్లం తీయడానికి వేసిన 2 నుండి 3 మిల్లీమీటర్ల కోత గుండానే వైద్యులు సుమారు 1 మిల్లీమీటరు పొడవు గల టైటానియం గొట్టాన్ని అమర్చుతారు, లేదా ఆ జల్లెడలో కొంత భాగాన్ని తొలగిస్తారు.

చరిత్ర

1968లో కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీలో ద్రవానికి కంటి తెల్లపొర గుండా కొత్త దారి ఏర్పరుస్తారు. అది పీడనాన్ని బాగా తగ్గిస్తుంది. కాని పీడనం మరీ పడిపోవడం, ఇన్‌ఫెక్షను వంటి ప్రమాదాలున్నాయి. శుక్లం ఆపరేషనుతో పాటు అమర్చే ఐస్టెంట్ అనే గొట్టానికి 2012లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి లభించింది. 2016లో అనుమతి పొందిన సైపాస్ అనే మరొక పరికరం కార్నియా కణాలను నష్టపరుస్తున్నట్లు తేలడంతో 2018లో తయారీదారులే దానిని ఉపసంహరించారు.

ఆంధ్రప్రదేశ్‌లో గ్లాకోమా

గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, 1996-2000 మధ్య నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించింది. హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ అధ్యయనం జరిగింది. గ్లాకోమా ఉన్నవారిలో అత్యధికులకు ఆ సంగతి అంతవరకు తెలియదని వెల్లడైంది. ఈ వ్యాధికి సాధారణంగా నొప్పి ఉండదు. అందుచేత శుక్లం కోసం చేసే పరీక్షలోనే కంటి పీడనాన్ని, నాడిని కూడా చూడడం ముఖ్యం.

పరిమితులు

ఈ చికిత్స ప్రధానంగా తొలి, మధ్య దశలలోని వివృతకోణ గ్లాకోమాకు అనువైనది. ముదిరిన వ్యాధికి సాధారణంగా ట్రాబెక్యులెక్టమీ వంటివే అవసరమవుతాయి. ఆపరేషను తరువాత చుక్కల మందులు తగ్గవచ్చు. అందరికీ పూర్తిగా మానవలసిన స్థితి రాదు. నంద్యాల జిల్లాలోని సంజామల వంటి మండలాల నుండి పట్టణాలకు వెళ్ళి ఆపరేషను చేయించుకొన్నవారు, చూపు తేటపడినంత మాత్రాన తిరిగి పరీక్షకు వెళ్ళడం మానరాదు. మిగిలిన చూపును కాపాడుకొనడానికి పరీక్షలు జీవితాంతం అవసరం.