కరుణామూర్తి పేరిట కెమెరా

1933లో టోకియోలో యోషిదా గోరో, ఆయన బావమరిది ఉచిదా సబురో ఒక చిన్న ప్రయోగశాలను నెలకొల్పిరి. జర్మనీ కెమెరాలకు దీటైన దానిని స్వదేశమున నిర్మించుట వారి సంకల్పము. 1934 నాటి నమూనాకు 'క్వానన్' అని పేరిడిరి. మనము అవలోకితేశ్వరుడని యెరిగిన బోధిసత్త్వునికి జపానులో కన్నన్ అని పేరు; లోకుల మొర నాలకించు మూర్తి యని భావము. ఆ పేరే పిదప 'కానన్' అయినది.

వీరి తొలి విపణి కెమెరాకు కటకమును నిప్పన్ కోగకు సంస్థ సమకూర్చెను. 1970 నాటికి వీరే సాదా కాగితముపై నకళ్లు తీయు యంత్రమును నిర్మించి కార్యాలయములందు ప్రవేశించిరి. అయినను 1940లో క్షయరోగమును ముందుగా పసిగట్టుటకై ఎక్స్‌-రే కెమెరాను నిర్మించిననాడే ఆ పేరు సార్థకమయ్యెనని మేము తలతుము.