నూతన విద్యార్థుల పరిచయ కార్యక్రమం

కళాశాలలో మొదటి సంవత్సరం చేరిన విద్యార్థులకు అక్కడి చదువు, వసతి, నియమాలు అలవాటు కావడానికి విద్యాసంస్థ చేసే ఏర్పాట్లను నూతన విద్యార్థుల పరిచయ కార్యక్రమం అంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో దీనికి "దీక్షారంభ్" అనే పేరుతో మార్గదర్శిని వెలువరించింది. అంతకు ముందే, 2017లో, అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగు కళాశాలల కొరకు 3 వారాల కార్యక్రమాన్ని రూపొందించింది.

ముత్తుకూరు

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం ఓడరేవుకు సమీపాన ఉన్న ముత్తుకూరులో 1991లో మత్స్య శాస్త్ర కళాశాల ఏర్పడింది. 2005లో ఇది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చింది. ఇక్కడి బి.ఎఫ్.ఎస్‌సి. 4 సంవత్సరాల కోర్సు. ఇంటర్మీడియట్ బై.పి.సి. పూర్తి చేసినవారు ప్రవేశ పరీక్ష ర్యాంకు ద్వారా వివిధ జిల్లాల నుండి వచ్చి చేరుతారు.

ఎదురయ్యే ఇబ్బందులు

ఇంటర్మీడియట్‌లో ఏడాది చివరి పరీక్షలే ప్రధానం. సెమిస్టరు పద్ధతిలో మధ్యంతర పరీక్షలు, ప్రయోగాలు, హాజరు అన్నీ లెక్కకు వస్తాయి. మొదటి నెల వెనుకబడినవారు కోలుకోవడం కష్టం. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఆంగ్ల బోధన అదనపు భారం. ఇల్లు విడిచి వసతి గృహంలో ఉండటం చాలామందికి అదే మొదటిసారి. ఇబ్బందిని ఎవరికి చెప్పుకోవాలో తెలియక కొందరు చదువు మానుకొనే ప్రమాదం ఉంది.

ర్యాగింగు నిరోధం

ఆంధ్ర ప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టం 1997లో వచ్చింది. దీని ప్రకారం ఆటపట్టించడం, అవమానించడం కూడా నేరమే. 6 నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఫిర్యాదుపై చర్య తీసుకోని సంస్థాధిపతి ఆ నేరానికి సహకరించినట్లే చట్టం భావిస్తుంది. నిధుల సంఘం 2009 నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు హామీపత్రం ఇవ్వాలి. కొత్తవారిని చిన్న బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందాన్ని ఒక అధ్యాపకునికి అప్పగించాలి. జాతీయ సహాయ కేంద్రం ఫోను సంఖ్య 1800-180-5522.

ఉపయోగపడే పద్ధతులు

* పాఠ్య ప్రణాళిక, మార్కుల విధానం, హాజరు నియమాలను మొదటి వారంలోనే తెలుగులో కూడా వివరించడం.
* శాస్త్ర పదాలకు ఆంగ్ల, తెలుగు పదాల పట్టిక ఇవ్వడం.
* పై తరగతుల విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో మార్గదర్శకులుగా నియమించడం.
* ఉపకారవేతన దరఖాస్తులకు సాయపడటం.
* చేపల చెరువులు, రొయ్యల హేచరీలను చూపించడం. చదువు దేనికి పనికి వస్తుందో మొదటే తెలిసిన విద్యార్థికి పాఠాలపై ఆసక్తి నిలుస్తుంది.