కంప్యూటరు విద్యకు ప్రవేశద్వారములు – మన సీమ బాలబాలికలు

 

1800 సంవత్సరమున నిజాము కుంఫిణీవారికి దత్తము చేసిన మండలములలో మన కౌతాళపు సీమయు నొకటి. ఆదవాని తాలూకాతో గూడ నిది చిరకాలము బళ్లారి జిల్లాలో నుండి, 1953లో నాంధ్రరాష్ట్రమునఁ జేరినది. పాలకులు మారిరి గాని వానకరవు మారలేదు. ఇట్టి సీమనుండి కంప్యూటరు విద్యాశాలల కేఁగు త్రోవ యెట్లేర్పడెనో విచారింతము.

1951లో ఖరగపురమున తొలి ఐ.ఐ.టి. వెలసెను. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 అను యంత్రము వచ్చెను. మన రాష్ట్రమున 1974 నాటి రాష్ట్రపతి యుత్తరువుచే నూటికి 85 స్థానములు స్థానికుల కేర్పడినవి. కర్నూలు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమునఁ జేరినది. 1986లో ఎంసెట్ మొదలయ్యెను. 2021లో నదియే ఈఏపీసెట్ అను పేరు దాల్చినది.

ఈ పరీక్షయందు 160 మార్కులకు గణితము 80, భౌతిక రసాయనములు చెరి 40. కంప్యూటరును గూర్చి యొక ప్రశ్నయైన లేదు! కావున పల్లెబడిలో యంత్రము లేదని తల్లిదండ్రులు నిరాశ చెందఁబని లేదు. గణితమునఁ బునాది గట్టిగా నుండవలెను. అది యెనిమిదవ తరగతినుండియే పడవలెను. భాషాభయమును దగ్గినది. జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుండి తెలుఁగునను జరుగుచున్నది.

మన బిడ్డలకు లోపించినది బుద్ధి గాదు, కాలము. పంటపనులు తీరఁగానే పెక్కు కుటుంబములు గుంటూరు సీమ మిరపచేలకును ప్రత్తిచేలకును సుగ్గికిఁ బోవుచున్నవి. పిల్లలు వెంటఁబోవుదురు. పరీక్షలు సమీపించు మాసములును నవియే. రెండేండ్లు ఎడతెగని యభ్యాసమును గోరు పరీక్షకు మూఁడు మాసముల విచ్ఛేదము గొడ్డలిపెట్టు. ఆడుపిల్లలకు చెల్లెండ్రను తమ్ములను సాఁకు భారమును దోడగును.

మార్గములు లేకపోలేదు. 2008లో నేర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఇడుపులపాయ, నూజివీడులయందు పదవ తరగతి మార్కులను బట్టి యాఱేండ్ల విద్యకుఁ జేర్చుకొనుచున్నది. 2015లో మన కర్నూలుననే ట్రిపుల్ ఐటీ వెలసినది, దానికి జె.ఇ.ఇ. మెయినే ద్వారము.

కావున సభవారికి నా విన్నపము: కల్యాణమండపమునకు ముందు వసతిగృహమును దలపెట్టుఁడు. సుగ్గికాలమున నం దన్నము పెట్టుఁడు; ఒక గణితోపాధ్యాయుని నిలుపుఁడు; ఆడుపిల్లలకు వేఱు గది నిండు. వలస బండి యెక్కవలసిన బిడ్డ నొక్కని నిలిపినను, ఈ మహాసభ సార్థకమగును.