పిల్లలను మానసిక వైద్యుని వద్దకు పంపేదెవరు?

జ్వరము వచ్చిన పిల్లవానిని వైద్యుని వద్దకు తీసుకొనిపోవడానికి ఎవరూ వెనుకాడరు. ఒళ్ళు కాలుతున్న సంగతి చేయి వేసి చూస్తేనే తెలుస్తుంది. మనస్సుకు కలిగిన బాధ అలా చేతికి తగిలేది కాదు. పైగా పిల్లవాడు తనంతట తాను వైద్యుని వద్దకు పోలేడు. పెద్దవారిలో ఎవరో ఒకరు "వీడి కేదో అయినది" అనుకోవాలి. అలా అనుకొనడానికి కారణము పిల్లవాని బాధయేనా, లేక పెద్దల ఇబ్బందియా? ఈ ప్రశ్నకు సమాధానము తేలడానికి చాలా కాలము పట్టినది.

1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో ఒక ఉపాధ్యాయిని పద్నాలుగేళ్ళ బాలుని గురించి లైట్నర్ విట్మర్ సలహా కోరింది. విట్మర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో మనస్తత్వశాస్త్రాచార్యుడు. ఆ బాలుడు తెలివిగలవాడే. కాని పదములను తప్పు లేకుండా వ్రాయలేకపోయేవాడు. పరీక్షించి చూడగా కంటిచూపులో లోపమున్నట్లు తెలిసినది. కళ్ళజోడు పెట్టిన తరువాత కూడా చదువు వెంటనే పట్టుబడలేదు; పదములను మొదటినుంచి ఓపికగా నేర్పవలసివచ్చినది. మొద్దు అని వదలివేయక ఆ ఉపాధ్యాయిని కారణము వెదకబట్టి ఆ బాలునికి మేలు జరిగినది. విట్మర్ ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయములో ఇటువంటి పిల్లల కోసము క్లినిక్‌ను ప్రారంభించాడు.

రెండవ దారి న్యాయస్థానము గుండా వచ్చినది. 1899లో షికాగోలో బాలనేరస్థులకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది. శిక్ష పొందిన పిల్లలే మరల మరల నేరము చేసి వస్తూ ఉంటే, దానికి మూలమేమిటో కనుగొనడానికి 1909లో విలియం హీలీ అనే వైద్యుని నియమించారు. ఆయన ఒక్కొక్క పిల్లవాని శరీరమును, బుద్ధిని, ఇంటి పరిస్థితులను, స్నేహములను విడివిడిగా పరిశీలించాడు. నేరములన్నిటికీ ఒకే కారణము లేదని 1915లో ప్రకటించిన గ్రంథములో నిరూపించాడు.

ఈ అనుభవముతో 1922 నుంచి కామన్‌వెల్త్ ఫండ్ అనే ధర్మసంస్థ సాయముతో అమెరికా నగరములలో చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లు వెలసినవి. మన దేశములో 1937లో బొంబాయిలో ఇటువంటి క్లినిక్ ఆరంభమైనది. దానిని నెలకొల్పిన సంఘసేవా విద్యాలయమే తరువాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయినది.

చదువు రానివాడు బడినుంచి, దొంగతనము చేసినవాడు న్యాయస్థానమునుంచి క్లినిక్‌కు వచ్చారు. మరి ఎవరినీ ఇబ్బందిపెట్టక, మూల కూర్చుని, లోలోపల కుమిలే పిల్లల మాటేమిటి?

1928లో ఇ. కె. విక్మన్ ఈ సంగతిని బయటపెట్టాడు. పిల్లల ప్రవర్తనలోని దోషములలో ఏది ఎంత తీవ్రమైనదో చెప్పమని ఉపాధ్యాయులను, మానసిక నిపుణులను అడిగాడు. దొంగతనము, బడి ఎగవేయడము, చెప్పినమాట వినకపోవడము వంటివి తీవ్రమని ఉపాధ్యాయులన్నారు. నలుగురిలో కలియకపోవడము, అనుమానము, దిగులు, భయము ప్రమాదకరమని నిపుణులన్నారు. అయితే రెండు వర్గములకు ప్రశ్నను ఒకే తీరున వేయలేదు. ఉపాధ్యాయులను ఇప్పటి తీవ్రతను గురించి, నిపుణులను భావిజీవితముపై కలిగే ఫలితమును గురించి అడిగారు. కాబట్టి తేడా అంతా దృష్టిలోనిది కాదు, కొంత ప్రశ్నలోనిది కూడ. అయినా నలభైమంది గల తరగతిని నడిపేవారికి అల్లరి ముందుగా కనబడడములో వింత లేదు.

1960 తరువాత ఇంగ్లండులో జరిగిన పరిశోధనలు మరింత స్పష్టత తెచ్చినవి. బకింగ్‌హాంషైర్‌లో క్లినిక్‌కు వచ్చిన 50 మంది పిల్లలను, అటువంటి లక్షణములే ఉండి క్లినిక్‌కు రాని 50 మందితో షెపర్డ్ బృందము పోల్చి, 1966లో ఫలితములు ప్రకటించినది. తేడా తల్లులలో ఎక్కువగా కనిపించినది. క్లినిక్‌కు తెచ్చిన తల్లులు ఆందోళనపడి, తమ వల్ల కాదనుకొన్నవారు. తక్కినవారు "కొన్నాళ్ళకు అదే పోతుంది" అనుకొన్నవారు. అటు వైట్ దీవిలో 1964-65లో మైకేల్ రట్టర్ బృందము పది, పదకొండేళ్ళ పిల్లలను పరీక్షించినది. నూటికి ఆరుగురికి పైగా మానసిక బాధ గలవారు తేలారు. వారిలో చికిత్స పొందుతున్నవారు పదింట ఒకరు మాత్రమే.

అందుచేత క్లినిక్‌కు వచ్చినంత మాత్రాన పిల్లవానిది పెద్ద జబ్బని గాని, రానంత మాత్రాన బాధ లేదని గాని అనుకోరాదు. బాధ ఎన్నాళ్ళుగా ఉన్నది, ఇంట్లోనూ బడిలోనూ కూడ ఉన్నదా, చదువుకు, ఆటకు, నిద్రకు, స్నేహమునకు ఎంత అడ్డు వస్తున్నది - నేటి వైద్యులు ముందుగా విచారించేవి ఇవి. ఇవి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడ గమనించదగినవే. ఎదురుతిరిగే పిల్లవానిని గురించి ఎలాగూ ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఆటకు పోక, అన్నము సరిగా తినక, "ఏమీ లేదు" అనే పిల్లను మాత్రము పెద్దలే పూనుకొని, దగ్గర కూర్చోబెట్టుకొని అడగాలి.