మాండలిన్ శ్రీనివాస్ - విద్యుత్ మాండలిన్

ఉప్పలపు శ్రీనివాస్ (ఫిబ్రవరి 28, 1969 - సెప్టెంబర్ 19, 2014) విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించిన ప్రముఖ విద్వాంసుడు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించాడు. బాల్యంలో చేపట్టిన ఈ పాశ్చాత్య వాద్యాన్ని ఆయన జీవితాంతం విడువలేదు. ఆ వాద్యం పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడినది.

శిక్షణ

తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. కుమారుని ఆసక్తిని గమనించి ఆయనే తొలి పాఠాలు నేర్పాడు. తరువాత చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు గురువైనాడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడగా విని, శ్రీనివాస్ ఆ గాత్రాన్ని తీగలపై పలికించేవాడు.

వాద్యంలో మార్పులు

మాండలిన్ ఇటలీలో రూపుదిద్దుకున్నది. సాధారణ మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. మీటిన స్వరం త్వరగా అణగిపోతుంది. మెట్ల వాద్యంపై గమకం పలకాలంటే తీగను పక్కకు లాగవలెను. జంట తీగలతో ఇది కష్టసాధ్యము. అందువలన శ్రీనివాస్ ఐదు ఒంటి తీగలు గల విద్యుత్ మాండలిన్‌ను వాడాడు. ఇందులో తీగల కంపనం విద్యుత్ సంకేతంగా మారి, ఆంప్లిఫయర్ ద్వారా వినిపిస్తుంది. నాదం ఎక్కువసేపు నిలుస్తుంది కనుక రాగాలాపనకు అనుకూలిస్తుంది.

కచేరీలు, గుర్తింపు

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. ఈ వాద్యం కర్ణాటక సంగీతానికి తగదన్న సందేహాలకు ఆయన వాదనమే సమాధానమైనది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అనంతరం జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో పాల్గొన్నాడు. 1998లో పద్మశ్రీ పురస్కారం పొందాడు. సోదరుడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే.