మలేరియా క్రిమి ఒంట్లోకి చేరే దారి: ఆవిష్కరణ చరిత్ర

మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు ఆ క్రిమి చర్మంలో దిగి, కాలేయంలో పెరిగి, అక్కడి నుంచి నెత్తురులోకి వచ్చి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఈ దారి పూర్తిగా తేలడానికి వందేళ్లు పట్టింది. అందులో కీలకమైన ఘట్టం సికింద్రాబాదులో జరిగింది.

చిత్తడి నేలల నుంచి వీచే చెడుగాలే ఈ జ్వరానికి మూలమని చాలాకాలం నమ్మారు. 1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటిన్‌లో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫాన్స్ లావెరాన్, జ్వరపడిన ఒక సైనికుడి నెత్తురులో కదిలే జీవులను చూశాడు. క్రిమి దొరికింది, అది లోపలికి ఎలా వచ్చిందో తేలలేదు. బోదకాలు క్రిమి దోమలో పెరుగుతుందని 1877లో చైనాలో కనుగొన్న పాట్రిక్ మాన్సన్, మలేరియాలోనూ దోమ పాత్ర ఉందని ఊహించాడు. అయితే దోమలు నీళ్లలో పడి చస్తాయని, ఆ నీళ్లు తాగినవారికి రోగం వస్తుందని అనుకున్నాడు.

ఆ ఊహను పరీక్షించడానికి పూనుకున్నవాడు అల్మోరాలో పుట్టిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. 1895లో సికింద్రాబాదు చేరి, దోమలు చచ్చిన నీళ్లు మనుషులకు తాగించి చూశాడు. నమ్మదగ్గ ఫలితం రాలేదు. రెండేళ్లపాటు అతను కోసి చూసిన దోమలు వేరే జాతులవి, మనిషి మలేరియా క్రిమి వాటిలో పెరగదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. రోగుల నెత్తురులోని క్రిమిలో ఉండే రేణువులూ అవే. రాస్ పేరు తలచిన చోటల్లా హుసేన్ ఖాన్‌నూ తలవాలి, అతని నెత్తురు లేనిదే ఆ దోమలో చూడటానికి ఏమీ ఉండేది కాదు. బేగంపేటలో ఆ పని జరిగిన భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది.

మరుసటి ఏడు కలకత్తాలో, సహాయకుడు మహమ్మద్ బక్ష్ తోడుగా, రాస్ పక్షుల మలేరియా మీద పనిచేసి క్రిములను దోమ లాలాజల గ్రంథుల్లో పట్టుకున్నాడు. నీళ్ల సిద్ధాంతం అంతటితో కూలింది: క్రిమి దిగేది కాటుతోనే. 1898లోనే ఇటలీలో శాస్త్రవేత్తలు గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియానెల్లి మనిషి మలేరియాను అనాఫిలిస్ దోమ చేరవేస్తుందని నిరూపించారు. 1902 నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే దక్కింది. గ్రాస్సీని పక్కన పెట్టడం న్యాయమనిపించదు.

ఒక చిక్కు మిగిలింది. కాటుకూ జ్వరానికీ మధ్య పది రోజులో అంతకు మించో గడుస్తాయి. అన్నాళ్లూ క్రిమి ఎక్కడుంటుంది? నేరుగా ఎర్ర కణంలో చొరబడుతుందని 1903లో జర్మన్ శాస్త్రవేత్త షౌడిన్ ప్రకటించాడు. తప్పే అయినా, అతని పేరు మీద గౌరవంతో ఆ మాట నాలుగు దశాబ్దాలు చెల్లింది. 1948లో శాస్త్రవేత్తలు షార్ట్, గార్న్‌హామ్ మొదట కోతి కాలేయంలోనూ ఆ తర్వాత స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనిషి కాలేయంలోనూ క్రిమిని చూపించారు. వైవాక్స్ రకం క్రిములు కొన్ని కాలేయంలో నెలల తరబడి నిద్రాణంగా ఉంటాయని 1980ల మొదట్లో రుజువైంది. తగ్గిన జ్వరం దోమ కుట్టకుండానే మళ్లీ రావడానికి కారణం ఇదే. అందుకే వైవాక్స్ రోగులకు కాలేయంలోని క్రిమిని చంపే ప్రైమాక్విన్ కూడా ఇస్తారు.

క్రిమి కాలేయంలో ఉన్నంతకాలం రోగికి ఏ బాధా తెలియదు. చేరిన ఒక్కో క్రిమి వేలకు వేలుగా పెరిగి నెత్తురులోకి వస్తుంది. అక్కడ ఎర్ర కణంలో దూరడానికి నిమిషమైనా పట్టదు. లోపల హిమోగ్లోబిన్‌ను తిని, వైవాక్స్, ఫాల్సిపారం రకాల్లో సుమారు 48 గంటలకు కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం ఆ పగుళ్ల ఫలితమే. వైవాక్స్ దూరాలంటే సాధారణంగా కణం మీద డఫీ అనే ప్రొటీన్ ఉండాలి. పశ్చిమ ఆఫ్రికా వాసుల్లో అత్యధికులకు అది లేదు, అక్కడ వైవాక్స్ అరుదు. ఫాల్సిపారం సోకిన కణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటే ప్రాణానికే ముప్పు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసిన తొలి మలేరియా టీకా, దోమ దింపిన క్రిమిని కాలేయం చేరకముందే అడ్డుకోవడానికి రూపొందినది.